క్విజ్ కోసం: అనుకోకుండా పుట్టిన ఆవిష్కరణలు చెప్పండి

కొత్తపేట_నాన్న:
మా అమ్మాయికి వచ్చే వారం స్కూల్లో సైన్స్ క్విజ్. అనుకోకుండా జరిగిన ఆవిష్కరణలే టాపిక్. పెన్సిలిన్, ఎక్స్‌రే, మైక్రోవేవ్ అందరూ చెప్పేస్తారు, అరుదైనవి కావాలి. తెలుగువాళ్ళకి సంబంధం ఉన్నది ఒక్కటైనా ఉంటే బాగుంటుంది. ఇంట్లో చేసి చూపించే చిన్న ప్రయోగం ఉన్నా చెప్పండి.

చేదుకాఫీ:
పంచదార బదులు వాడే కృత్రిమ తీపి పొడి, శాకరిన్ రాసుకోండి. 1879లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఫాల్‌బర్గ్ అనే కెమిస్టు తారు నుంచి వచ్చే రసాయనాలతో పనిచేసి, చెయ్యి సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తియ్యగా తగిలింది. తీపి రొట్టెది కాదు, చేతిది! పంచదారకి దాదాపు 300 రెట్లు. మా షుగర్ పేషెంట్లం కాఫీ తాగుతున్నామంటే ఆయన చలవే.

స్టిక్కర్:
అంటించి మళ్ళీ ఊడదీసుకునే పోస్ట్-ఇట్ కాగితాలు కూడా. 1968లో 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చేయబోతే సరిగా అంటుకోని జిగురు వచ్చింది.

బయాలజీ_టీచర్:
కాఫీ గారూ, అది సగం కథ. ల్యాబ్ ప్రొఫెసర్ ఐరా రెమ్సెన్‌ది. మొదటి పేపర్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తర్వాత ఫాల్‌బర్గ్ గప్‌చుప్‌గా పేటెంట్లు తీసుకుని ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. రెమ్సెన్‌కి ఆ మంట చివరిదాకా చల్లారలేదు. పిల్లలకి రెండు పేర్లూ చెప్పండి.

పీహెచ్‌డీ_బాధితుడు:
ఫాల్‌బర్గ్ చేసిందే కరెక్ట్. రాత్రిళ్ళు ల్యాబ్‌లో పడుండేది మనం, ముందు పేరు గైడ్‌ది. నా పేపర్ మీద మా గైడ్ గారి బావమరిది పేరు కూడా ఉంది. ఆయన మా ల్యాబ్ గుమ్మం తొక్కింది లేదు.

బయాలజీ_టీచర్:
మీ గైడ్ మీద కోపం రెమ్సెన్ మీద ఎందుకండీ? ఫాల్‌బర్గ్ మొదట ఆ ల్యాబ్‌కి వచ్చింది ఒక పంచదార వ్యాపారి తరఫున సరుకు స్వచ్ఛత పరీక్షించడానికి. చోటిచ్చి, పని చూపించింది రెమ్సెన్.

పీహెచ్‌డీ_బాధితుడు:
చోటిచ్చినవాడికి అద్దె ఇస్తారు మేడమ్, పేటెంట్ ఇవ్వరు.

క్యూసీ_మావయ్య:
ఇద్దరూ ఆగండి. మందుల ముడిసరుకు చేసే కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్ నడిపినవాణ్ని, నేను చెప్తా. ఒక్క శాకరిన్ కాదు, ఈ కృత్రిమ తీపి సరుకంతా నాలుక దురదలోంచి వచ్చిందే. సైక్లమేట్: 1937, స్వేడా పక్కన పెట్టిన సిగరెట్ మళ్ళీ నోట్లో పెట్టుకుంటే తీపి. ఆస్పర్టేమ్: 1965, అల్సర్ మందు పని చేస్తున్న ష్లాటర్ కాగితం తియ్యడానికి వేలు నాలికకి తడి చేసుకున్నాడు. సుక్రలోజ్: 1976, లండన్ క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో మన దేశం కుర్రాడు శశికాంత్ ఫడ్నిస్‌ని పొడి టెస్ట్ చెయ్యమంటే టేస్ట్ చెయ్యమన్నారనుకుని నోట్లో వేసుకున్నాడట. మా ల్యాబ్‌లో ఎవడైనా అలా చేస్తే ఆ పూటే గేటు బయట.

పాలమూరు_పోరడు:
మా దిక్కు కల్తీ కల్లుల కలిపేది గీ శాకరినే కదా. దానికి పొగడ్తలేంది?

ఆర్గానిక్_అక్క:
అవన్నీ క్యాన్సర్ కారకాలు. పిల్లల క్విజ్‌లో విషం గురించి గొప్పగా చెప్తారా?

క్యూసీ_మావయ్య:
వాట్సాప్ యూనివర్సిటీ డిగ్రీనా అమ్మా? ఎలుకల మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని 1977లో అమెరికాలో శాకరిన్ డబ్బాల మీద హెచ్చరిక పెట్టారు. ఎలుకలో జరిగేది మనిషికి వర్తించదని తేలాక 2000లో తీసేశారు.

ఆర్గానిక్_అక్క:
మర్యాదగా మాట్లాడండి. 2023లో ఆస్పర్టేమ్‌ని క్యాన్సర్ అనుమానిత జాబితాలో పెట్టింది ప్రపంచ ఆరోగ్య సంస్థ కాదా?

క్యూసీ_మావయ్య:
పెట్టింది దాని పరిశోధన విభాగం. అదే నెలలో నిపుణుల కమిటీ, కిలో బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాముల పాత పరిమితి మార్చక్కర్లేదంది. అది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

భీమవరం_బుల్లోడు:
తెలుగువాళ్ళు అడిగితే ఒక్కరూ చెప్పరేం? మా ఊళ్ళో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు క్యాన్సర్ మందు అనుకోకుండా కనిపెట్టారు.

బయాలజీ_టీచర్:
"అనుకోకుండా" అని ఆయన శ్రమని తక్కువ చెయ్యకండి. అనుకోనిది బోస్టన్‌లో జరిగింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి మేలు చేస్తుందని ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ ఇస్తే జబ్బు ఇంకా ఉరికింది. అయితే దాన్ని అడ్డుకుంటే? లెడర్లీ మందుల కంపెనీ ల్యాబ్‌లో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన, ఆ విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ వాడి చూశారు. కొందరు పిల్లల్లో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. 1948లో ప్రచురించారు. తర్వాత వచ్చిన అదే కోవ మందు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. క్విజ్‌కి ఇదొక్కటి చాలు.

పీహెచ్‌డీ_బాధితుడు:
చూశారా, పేరు ఫార్బర్‌కి, పని సుబ్బారావు గారిది. మళ్ళీ అదే కథ.

వంటింటి_వసంత:
ఇంత తెలిసినవాళ్ళు ఇది చెప్పండి. షాపతను ఇచ్చిన బిళ్ళలు వేసి అత్తయ్యకి సేమ్యా పాయసం కాస్తే తీపే లేదు! పండగ పూట పరువు పోయింది.

క్యూసీ_మావయ్య:
ఆస్పర్టేమ్ అయి ఉంటుంది. మరిగిస్తే విరిగిపోయి తీపి పోతుంది. దించాక కలపండి, లేదా వేడికి తట్టుకునే సుక్రలోజ్ తీసుకోండి.

గోడమీదపిల్లి:
ప్రయోగం సంగతి అందరూ మర్చిపోయినట్టున్నారు. బకెట్ నీళ్ళలో మామూలు కోలా క్యాన్, డైట్ కోలా క్యాన్ వెయ్యండి. మొదటిది మునుగుతుంది, రెండోది తేలుతుంది. పంచదార బరువు అది. డైట్‌లో వేసేది చిటికెడే.

వంటింటి_వసంత:
మావయ్య గారూ, మరి బొబ్బట్ల పూర్ణంలోకి కూడా సుక్రలోజే పనికొస్తుందా? బెల్లం లేకపోతే పూర్ణం ముద్దకడుతుందా?