కారు కంపెనీ సైట్లో 10.21 లక్షలు, షోరూంలో 10.80. బేరం ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తడ్రైవర్:

మొదటిసారి కారు కొంటున్నాను, తెలియనివి అడిగితే తిట్టకండి. నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ బండి, 1200 సీసీ ఇంజన్. ఏ కంపెనీయో చెప్పను, చెప్తే నా ప్రశ్న వదిలేసి అందరూ మైలేజీ మీద కొట్టుకుంటారు.

కంపెనీ వెబ్‌సైట్లో హైదరాబాద్ అని పెడితే ఎక్స్‌షోరూం 8,60,000, ఆన్‌రోడ్ 10,21,400 చూపిస్తోంది (మొదటిది లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర, రెండోది అన్నీ కలిపింది). మా ఇంటి దగ్గర షోరూంకి వెళ్తే 10,80,000 అని కొటేషన్ చేతిలో పెట్టారు. యూట్యూబ్‌లో ఒకాయన ఇదే వేరియంట్‌ ఎక్స్‌షోరూమే 9.40 లక్షలు అంటాడు. ఇంకో చోట "55,000 వరకు డిస్కౌంట్" అని ఉంది, అది ఫోన్లో చూపిస్తే సేల్స్ అబ్బాయి నవ్వేసి "సార్, అది ఆన్‌లైన్ వాళ్ళు రాసుకునేది, మా దగ్గర 15,000, అదీ ఈరోజు బుక్ చేస్తేనే" అన్నాడు. ఏది నమ్మాలి?

ఇంకో చిక్కు, ఇప్పుడు ఆషాఢం. శ్రావణానికి ఇంకా మూడు వారాలుంది, అప్పటిదాకా బండి గుమ్మంలోకి రావద్దని అమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. నాన్నగారి 2013 కారు ఎక్స్ఛేంజ్‌కి ఇద్దామా అని కూడా ఆలోచన, షోరూం వాళ్ళు దానికి 1,40,000 అన్నారు.

లెక్కలమాస్టారు:

ఆ కొటేషన్ కాగితం మీద లైన్లవారీగా ఏముందో ఇక్కడ టైప్ చెయ్యండి, మొత్తం చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. 9.40 సంగతి మాత్రం ఇప్పుడే చెప్తాను. అది పాత వీడియో అయి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 ముందు ఇలాంటి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 శాతం, సెస్సు 1 శాతం, కలిపి 29 ఉండేది. ఇప్పుడు 18 మాత్రమే. మీ 8,60,000ని 1.18తో భాగించి (అంటే 18 శాతం తీసేసి), 1.29తో గుణించి చూడండి, 9.40 లక్షలే వస్తుంది. నెట్‌లో రేటు చూసేటప్పుడు ముందు ఆ పేజీ తేదీ చూడాలి, రేటు తర్వాత.

కొత్తడ్రైవర్:

ఇదిగోండి. ఎక్స్‌షోరూం 8,60,000. లైఫ్ ట్యాక్స్ 1,20,400. ఇన్సూరెన్స్ 48,500. యాక్సెసరీస్ 22,000. హ్యాండ్లింగ్ 9,500. ఎక్స్‌టెండెడ్ వారంటీ 16,000. ఫాస్టాగ్ 600. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేటు కలిపి 3,000. యాక్సెసరీస్ అంటే ఏంటని అడిగితే "బేసిక్ కిట్ సార్, అందరూ తీసుకుంటారు" అన్నారు.

లెక్కలమాస్టారు:

చూశారా, తేడా మొత్తం బయటపడింది. సైటు 10,21,400లోంచి బండి ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ 3,000 తీస్తే ఇన్సూరెన్స్‌కి మిగిలేది 38,000, అది ఇక్కడ 48,500 అయింది, అక్కడ లేనివి నాలుగు చేరాయి. 10,500, 22,000, 9,500, 16,000, 600 కూడండి. 58,600. సైటుకీ షోరూంకీ మధ్య తేడా అంతే, రూపాయి ఎక్కువ తక్కువ లేదు.

వీటిలో లైఫ్ ట్యాక్స్ జోలికి వెళ్ళకండి, తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకి 14 శాతం, అది ప్రభుత్వానికి పోయేది, సేల్స్ అబ్బాయి చేతిలో ఏమీ లేదు. ఇన్సూరెన్స్‌లో కూడా మూడేళ్ళ థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ముక్క ఎక్కడ కొన్నా ఒకటే, మీ ఇంజన్ సైజుకి 10,640, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 12,555. మిగిలిన 36,000 ఓన్ డ్యామేజీ (మన బండి నష్టానికి), జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా ఇచ్చేది), ఇంజన్ కవర్ లాంటివి, బేరమంతా అక్కడే. అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే విలువ), అవే కవర్లు పెట్టి బయట రెండు కంపెనీల కొటేషన్ తెచ్చి బల్ల మీద పెట్టండి. షోరూంలోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలని రూలేమీ లేదు. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించే వాళ్ళుంటారు, ఆ అంకె కూడా సరిపోల్చండి.

ఒకవేళ "ఆన్‌రోడ్ 10 లక్షలు దాటింది, 1 శాతం టీసీఎస్ కట్టాలి" అంటే నమ్మొద్దు (టీసీఎస్ అంటే అమ్మేవాళ్ళు మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను). అది బండి ధర 10 లక్షలు దాటితేనే, ట్యాక్సులూ ఇన్సూరెన్సూ కలిపిన మొత్తానికి కాదు.

బెజవాడబండి:

నేను విజయవాడలో ఒక షోరూంలో నాలుగేళ్ళు సేల్స్‌లో చేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి నిర్భయంగా రాస్తున్నా. బండి మీద డీలర్‌కి మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు తమ్ముడూ. మిగిలేదల్లా ఇన్సూరెన్స్ కమీషన్, లోన్ ఇప్పిస్తే బ్యాంకు ఇచ్చేది, యాక్సెసరీస్. అందుకే సేల్స్ కుర్రాడు 15,000 తగ్గించడానికి నవ్వుతూ ఒప్పుకుంటాడు గానీ "ఇన్సూరెన్స్ బయట తీసుకుంటా" అనగానే మొహం మాడిపోతుంది. మా మేనేజర్ అయితే అలాంటి కస్టమర్‌కి ఆ బండి స్టాకే లేదనేవాడు.

ఆ 55,000 అబద్ధం కాదు, "వరకు" అన్న మాటలో ఉంది కిటుకంతా. అందులో క్యాష్ డిస్కౌంట్ ఒక ముక్క, పాత బండి ఇస్తే ఎక్స్ఛేంజ్ బోనస్ ఒక ముక్క, కొన్ని కంపెనీల్లో ఉద్యోగం చేసేవాళ్ళకి ఇచ్చే కార్పొరేట్ ఆఫర్ ఒక ముక్క. మీకు ఏవి వర్తిస్తాయో విడివిడిగా అడగండి. ఐడీ కార్డు చూపిస్తే వచ్చే కార్పొరేట్ ఆఫర్ మేము అడిగితేనే చెప్పేవాళ్ళం, అడగని వాళ్ళకి చెప్పేవాళ్ళం కాదు, తప్పే అనుకోండి.

ఆషాఢం మీకు చిక్కు కాదు, వరం. షోరూంలో ఈగలు తోలుకునే నెల ఇదే, టార్గెట్ మాత్రం తగ్గదు. అయితే ఒక్కటి, ఆఫర్ బుకింగ్ తేదీకి కాదు, బిల్లింగ్ తేదీకి వర్తిస్తుంది. ఇప్పుడు బుక్ చేసి శ్రావణంలో బిల్లు కొట్టించుకుంటే "ఆ స్కీం పోయిన నెలతో అయిపోయింది సార్" అంటారు. నెలాఖరులో బిల్లు కొట్టించుకుని, బండి వాళ్ళ యార్డులోనే ఉంచి, మంచిరోజు చూసి ఇంటికి తెచ్చుకోండి. బండి గుమ్మంలోకి వచ్చేది శ్రావణంలోనే కదా, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. కాకపోతే బిల్లింగ్‌కి ముందు ఛాసిస్ నంబర్ తీసుకుని, తయారైన నెల, సంవత్సరం రాతపూర్వకంగా అడగండి. ఎనిమిది నెలలు ఎండలో నిలబడ్డ బండికీ నిన్న వచ్చిన బండికీ ఒకే డిస్కౌంట్ ఇస్తే అది డిస్కౌంట్ కాదు. ఇంటికి తెచ్చే రోజు పగటి వెలుతురులో పెయింటు, టైర్ల మీద తేదీలు, ఓడోమీటర్ అన్నీ మళ్ళీ చూసుకోండి.

డల్లాస్‌బావ:

ఇక్కడ మేం ఐదారుగురు డీలర్లకి ఒకే మెయిల్ కొడతాం, "అవుట్ ద డోర్ ఎంత" అని, అంటే ట్యాక్సులూ ఫీజులూ అన్నీ కలిపి. డిస్కౌంట్ ఎంత అని అడగం. ఒకరి మెయిల్ ఇంకొకరికి పంపితే రేటు దానంతట అదే దిగుతుంది, షోరూంలో మూడు గంటలు కూర్చోనక్కర్లేదు. మన దగ్గర ఇలా కుదరదా?

బెజవాడబండి:

బావా, మెయిల్ ఎవరూ చూడరు ఇక్కడ. వాట్సాప్ అయితే పనవుతుంది. కానీ రేటు రాసివ్వమంటే "ఒకసారి షోరూంకి రండి సార్, కాఫీ తాగుతూ మాట్లాడదాం" అంటారు. రాసిచ్చేది వేరేవాళ్ళకి చూపిస్తారని వాళ్ళకీ తెలుసు.

నిదానంగా:

నా అభిప్రాయం వేరు. ఐదారు వేల కోసం పది రోజులు తిరిగి, సెలవు పెట్టి, చివరికి పెట్రోలు దండగ మాత్రమే మిగిలింది నాకు. రెండు షోరూంలు చాలు. పాత కారు మాత్రం బయట అడగండి. నా బండికి షోరూం రేటుకీ బయటి రేటుకీ అరవై వేలు తేడా వచ్చింది, ఎక్స్ఛేంజ్ బోనస్ కలుపుకున్నా నష్టమే. కొన్ని కంపెనీలు బయట అమ్మి ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్ కాగితం చూపించినా బోనస్ ఇస్తాయి, నాన్నగారి పేరు మీద ఉన్నా ఫర్వాలేదంటాయి, అది కూడా అడిగి చూడండి.

కొత్తడ్రైవర్ (నాలుగు రోజుల తర్వాత):

అప్‌డేట్. మొదటి షోరూం కాగితం పట్టుకుని ఇంకో రెండు చోట్లకి వెళ్ళాను. ఒకచోట హ్యాండ్లింగ్ ఛార్జీ ఎందుకని అడిగితే మేనేజర్ వచ్చి పది నిమిషాలు బండిని తెచ్చే ట్రక్కు గురించి చెప్పాడు, ఇంకోచోట అడగ్గానే కొట్టేశారు. ఆ రెండో చోటే ఖాయం చేశాను. క్యాష్ 30,000, మా ఆఫీసు ఐడీతో కార్పొరేట్ 5,000. ఇన్సూరెన్స్ బయట 33,200కి వచ్చింది, వాళ్ళు 35,000కి దిగారు, క్లెయిం వస్తే దగ్గర్లో ఉంటారని ఒప్పుకున్నా. యాక్సెసరీస్‌లో మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు మాత్రమే, 4,500. వారంటీ తర్వాత చూసుకుంటానన్నా. మొత్తం 9,88,500. మొదటి కొటేషన్ మీద 91,500 తగ్గింది!

లెక్కలమాస్టారు:

బాగుంది గానీ అందులో 33,500 మీరు కొనకుండా వదిలేసినవి, వారంటీ 16,000, యాక్సెసరీస్ 17,500. నిజంగా తగ్గింది 58,000. మొదటివాళ్ళు ఇస్తానన్న 15,000 కూడా తీసేస్తే 43,000. తక్కువేం కాదు. బిల్లింగ్ తేదీ, ఛాసిస్ నంబర్, ఈ అంకెలన్నీ బుకింగ్ రసీదు మీద రాయించుకున్నారా?

కొత్తడ్రైవర్:

రసీదు మీద మొత్తం రాసి స్టాంపు వేశారు. ఛాసిస్ నంబర్ మాత్రం బండి కేటాయించాక వాట్సాప్‌లో పంపుతామన్నారు, పూర్తి డబ్బు అది వచ్చాకే కడతానని చెప్పాను. బిల్లింగ్ ఈ నెల చివరి వారంలో, బండి ఇంటికి రావడం మొదటి శ్రావణ శుక్రవారం. పాత కారుకి బయట ఒకాయన 1,90,000 ఇస్తానన్నాడు, షోరూంలో బోనస్ 25,000 కలిపినా 1,65,000 దాటలేదు కాబట్టి ఆయనకే ఇచ్చేద్దామనుకున్నాం. కానీ నాన్నగారు ఇంకా తాళం ఇవ్వట్లేదు.