బావతో కలిసి కర్రీ పాయింట్: పార్ట్‌నర్‌షిప్ డీడ్‌కి లాయర్ కావాలా, డాక్యుమెంట్ రైటర్ చాలా?

కూరల_కొట్టు:
హనుమకొండలో నేను, మా అక్క మొగుడు కలిసి కర్రీ పాయింట్ పెడుతున్నాం. 9 లక్షలు బావవి, 3 లక్షలు నావి. తెల్లారుజామున నాలుగింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం నేనే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంట్ రైటర్ రెండు వేలకు డీడ్ రాసిస్తానన్నాడు. లాయర్‌ని అడిగితే పదిహేను వేలన్నారు. "మన మధ్య లాయరెందుకురా" అని బావ నవ్వేశాడు. గొడవంటూ వస్తే అప్పుడు పెట్టుకుంటే సరిపోదా?

పద్దుల_పంతులు:
కూరలమ్మడానికి లాయరా! జీఎస్టీ, ట్రేడ్ లైసెన్స్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి పదార్థాల లైసెన్స్), ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) అన్నీ ఫారాలు నింపే పనులే. ఉద్యమ్‌కైతే ఫీజే లేదు. మీ ఆడిటర్ చూసుకుంటాడు. డీడ్‌లో నీ జీతం, బావ పెట్టుబడికి వడ్డీ తప్పకుండా రాయించు. రాయకపోతే ఇన్‌కమ్‌ట్యాక్స్‌లో వాటిని ఖర్చు కింద చూపలేం. వడ్డీ 12 శాతం దాటితే ఒప్పుకోరు. ఇరవై ఏళ్లుగా డీడ్లు చూస్తున్నా. నమూనా ఒకటే, పేర్లు మారతాయి అంతే.

నల్లకోటు:
పంతులుగారూ, ఆ "పేర్లు మారతాయి అంతే" అన్న మాట వల్లే మా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది.

తమ్మీ, డీడ్‌లో రాయని చోటల్లా 1932 నాటి భాగస్వామ్య చట్టం వచ్చి కూర్చుంటుంది. లాభం వాటాలు రాయలేదా, 9 లక్షలు పెట్టినాయనకూ 3 లక్షలు పెట్టిన నీకూ సమానం. జీతం రాయలేదా, నాలుగింటికి లేచినందుకు నీకు రూపాయి రాదు. ఇద్దరిలో ఒకరు చనిపోతే ఫర్మ్, అంటే మీ భాగస్వామ్య వ్యాపారం, అక్కడితో రద్దు. ఎన్నాళ్లు నడపాలో, ఎలా ముగించాలో రాయకపోతే ఒకరు నోటీసిచ్చి ముగించేయవచ్చు. ఇద్దరూ రాజీగా ఉన్నన్నాళ్లూ ఇవేవీ కనపడవు.

అసలు సంగతి ఆ చట్టంలోని 69వ సెక్షన్. డీడ్ మీద నోటరీ ముద్ర పడగానే రిజిస్టర్ అయిపోయిందనుకుంటారు చాలామంది. కాదు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర ఫర్మ్‌ని నమోదు చేయించాలి. చేయించకపోయినా నేరం కాదు, జరిమానా లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ నమోదు లేని ఫర్మ్, కేటరింగ్ ఆర్డరిచ్చి డబ్బు ఎగ్గొట్టిన వాడి మీద ఆ ఒప్పందం పట్టుకుని దావా వేయలేదు. నువ్వు డీడ్ చూపించి బావ మీదా వేయలేవు. ఫర్మ్ రద్దు చేసి లెక్క తేల్చమని అడగడం ఒక్కటే మిగులుతుంది. బియ్యం బాకీ ఉన్న షావుకారు మాత్రం మీ మీద హాయిగా వేస్తాడు. దావా వేశాక పరుగెత్తి నమోదు చేయించినా ఆ దావా నిలబడదు. గొడవ వచ్చాక లాయర్ సరిపోడా అన్నావు కదా, ఇందుకే సరిపోడు.

కడుపుమండినోడు:
లాయర్లు భయపెట్టే పద్ధతే ఇది. నేను పెట్టుకున్నాను. నాకు రావాల్సిన రెండు లక్షల చెక్కు బౌన్సయింది. "చూద్దాం, పంపిద్దాం" అంటూ, చెక్కిచ్చినవాడికి పంపాల్సిన నోటీసును మా లాయర్ ముప్పై రోజులు దాటించాడు. ఫీజు మాత్రం ముందే. వినియోగదారుల ఫోరానికి వెళ్దామంటే లాయర్ల మీద అక్కడ కేసు చెల్లదని 2024లో సుప్రీంకోర్టు తేల్చేసింది. తాళం వాళ్లే, దొంగ వాళ్లే.

నల్లకోటు:
తప్పు మా వాడిదే, సమర్థించను. లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకు నుంచి చెక్కు వాపసైన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లి తీరాలి. కేసు వేయడంలో ఆలస్యమైతే కోర్టు మన్నించొచ్చు కానీ, నోటీసుకి ఆ వీలు లేదు. అయితే చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటకపోయి ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, అది మళ్లీ తిరిగొస్తే కొత్తగా నోటీసు ఇవ్వొచ్చు. మీకది ఎవరూ చెప్పలేదా?

కడుపుమండినోడు:
చెప్పలేదు. ఇప్పుడు ఏడాది దాటింది.

రాణి_టైలరింగ్:
నాకు రెండు అనుభవాలూ ఉన్నాయి. బొటిక్ పెట్టేటప్పుడు ముగ్గురు లాయర్లను కలిశాను. ఒకాయన గోడ నిండా సన్మానాల ఫొటోలు, నా మాట వినకుండానే ఫీజు చెప్పాడు. ఇంకొకాయన గొడవైతే గెలిపించి వచ్చినదాంట్లో వాటా తీసుకుంటానన్నాడు. అలా ఒప్పందం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవని తర్వాత తెలిసింది. మూడో ఆవిడ మాత్రం "విడిపోతే మిషన్లు ఎవరివి? అడ్వాన్స్ కట్టిన షాపు ఎవరిది?" అని అడిగింది. నేనూ నా స్నేహితురాలూ మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడకే ఇచ్చాం.

తమ్ముడూ, కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్‌లో లాయర్ పేరుతో వెతికితే ఎలాంటి కేసులు చేస్తున్నారో కొంత తెలుస్తుంది. క్రిమినల్ కేసుల్లో పులి అయినంత మాత్రాన డీడ్ బాగా రాస్తాడని లేదు. ఎంత పనికి ఎంత ఫీజో కాగితం మీద అడుగు. మధ్యలో మార్చుకోవాల్సి వస్తే ఫీజు బాకీ ఉందని కేసు కట్ట అట్టిపెట్టుకోవడానికి వీల్లేదు, సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

కేసు దాకా వెళ్లి డబ్బు లేని ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆదాయంతో పని లేకుండా మనకు ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

పద్దుల_పంతులు:
సరే, 69 సంగతి ఒప్పుకుంటా, నమోదు చేయించమనే నేనూ చెబుతా. కానీ మరీ పదిహేను వేలా? బావకు తెలిసిన లాయరుంటే ఇద్దరికీ ఆయనే రాస్తాడు, సగం ఖర్చు.

నల్లకోటు:
రాయొచ్చు. కానీ ఆయన బావ మనిషి. కనీసం సంతకానికి ముందు ఆ డీడ్ ఇంకో లాయర్‌కి చూపించు తమ్మీ, చదివి చెప్పడానికి పదిహేను వేలు అడగరు. బావే కానీ వంగతోట కాడ కాదు.

కూరల_కొట్టు:
నిన్న రాత్రి బావతో మాట్లాడాను. మొహం మాడ్చుకున్నాడు. అక్కే కలగజేసుకుని "రాయించుకోండి, రేపు మీరు కొట్టుకుంటే రాఖీ నాడు నేనెక్కడికి పోవాలి" అంది. జీతం, వాటా, నమోదు అన్నిటికీ బావ సరేనన్నాడు. రాణి అక్కా, మీ లాయరమ్మ అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను, విడిపోతే షాపు పేరు ఎవరిదని. అక్కడ ఆగిపోయాం. బోర్డు మీద ఉన్నది మా అమ్మ పేరు. నాది అందామంటే, అక్కకీ అమ్మే కదా.