రాజే చేస్తే రాజద్రోహం ఎలా అవుతుంది?

ఒక అనువాదంలో ఇరుక్కున్నాను, కాస్త చెప్పండి. 1649 జనవరిలో లండన్ వెస్ట్‌మినిస్టర్ హాల్లో మొదటి చార్లెస్ రాజును విచారించారు. అభియోగం ‘ట్రీజన్’. నిఘంటువులో రాజద్రోహం అని ఉంది. ‘రాజు రాజద్రోహానికి పాల్పడ్డాడు’ అని రాసుకుని చూస్తే నాకే నవ్వొచ్చింది. ‘ద్రోహి’ అని చదివినప్పుడు చార్లెస్ కూడా నవ్వాడట లెండి.

జవాబు: సమాసమే ఒప్పుకోదండీ. మిత్రద్రోహం మిత్రుడికి చేసింది. గురుద్రోహం, స్వామిద్రోహం కూడా అంతే, ముందున్న మాట దెబ్బతిన్నవాడిది. ఇంగ్లండు చట్టానిదీ ఇదే చిక్కు. 1351 నాటి చట్టంలో రాజు చావు తలపెట్టడం, రాజు మీద యుద్ధానికి దిగడం ద్రోహం. రాజే జనం మీదికి దిగితే? ఆ ఊసే లేదు. అందుకని 1649 జనవరి 1న పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ, పార్లమెంటు మీద యుద్ధం చేస్తే రాజుకైనా ద్రోహమేనని తీర్మానించింది. ఎగువ సభ అయిన ప్రభువుల సభ కాదంది. కామన్స్ వాళ్లు 4న, దేవుడి తర్వాత న్యాయమైన అధికారానికి మూలం ప్రజలేనని ప్రకటించుకుని ముందుకెళ్లారు. చట్టప్రకారం పాలించమని నమ్మి అప్పగించిన పరిమిత అధికారమే రాజుది, దాన్ని సొంతానికి వాడుకున్నాడు అన్నది అభియోగపత్రం సారాంశం. నమ్మిన చోటే కదా ద్రోహం. నా ఓటు ‘ప్రజాద్రోహం’కే.

మళ్లీ నేనే: బాగుంది కానీ, అలా రాస్తే తీర్పు నేనే చెప్పేసినట్టు కాదూ? ‘ఏ అధికారంతో నన్నిక్కడికి తెచ్చారు?’ అన్నదొక్కటే చార్లెస్ పట్టు. నేరం చేశాననీ చెయ్యలేదనీ అనలేదు. ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా తీసుకుని 27న మరణశిక్ష వేశారు, 30న తల తీశారు.

ఇంకో జవాబు: మన ఢిల్లీ కేసు ఇంకా తమాషా. 1858 జనవరి 27న ఎర్రకోటలో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ విచారణ మొదలైంది. బ్రిటిష్ ప్రభుత్వ ప్రజ అయ్యుండి తానే రాజునని ప్రకటించుకున్నాడట, అదీ నేరం! 1765లో ఆయన తాత షా ఆలం దగ్గర దివానీ, అంటే పన్నుల వసూలు హక్కు, పుచ్చుకున్నది ఈస్టిండియా కంపెనీవాళ్లే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది ఎవరంటారు? అక్కడ రాజద్రోహం అని రాస్తే ‘ఏ రాజుకి?’ అని అడగాల్సిందే.

నేను: సరే, అభియోగపత్రం చదివే చోట ఉత్త ‘ద్రోహం’, ప్రాసిక్యూటర్ జాన్ కుక్ వాదించే చోట ‘ప్రజాద్రోహం’. రాజద్రోహం కొట్టేశాను.