"అలుగు దగ్గర అలుగు అలిగింది": మూడు అలుగుల ముచ్చట

నల్గొండ:
నోరు తిరగడానికి పిల్లల చేత పలికించే వాక్యాల్లోకి ఒకటి కూర్చాను. "అలుగు దగ్గర అలుగు అలిగింది." ఒకటి చెరువుది, ఒకటి అడవిది, ఒకటి మనసుది. ఎవరికి ఏది ముందు తట్టిందో చెప్పండి.

కడప:
నాలుగోది మరిచావు తమ్ముడూ. పాత తెలుగులో అలుగంటే బాణపు మొన, కత్తి వాదర కూడా. అప్పుడు వాక్యం ఇలా ఉండాలి: "అలుగు దగ్గర అలుగుకు అలుగు తగిలి అలిగింది." ఇప్పుడు పలికించు చూద్దాం.

విశాఖ:
నాకు ముందు తట్టింది అలకే. చెరువు అలుగంటే తూమా, గండా?

నల్గొండ:
రెండూ కాదక్కా. తూము కట్ట అడుగున ఉంటుంది, పొలాలకు నీళ్లు వదలడానికి. గండి అంటే కట్ట తెగడం. అలుగు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లి పోవడానికి కట్టకు ఒక కొసన, గట్టి నేల చూసి రాతితో కట్టే గోడ. అది కట్ట కంటే తగ్గులో ఉంటుంది. చెరువులో ఎన్ని నీళ్లు నిలవాలో తేల్చేది ఆ ఎత్తే. ఇంకాస్త నీరు ఆపుదామని అలుగు మీద ఇసుక బస్తాలు పేరిస్తే మట్టం పెరుగుతుంది, పెద్ద వాన పడ్డ రాత్రి నీళ్లు మట్టికట్ట మీదుగానే దూకుతాయి. రాయి తట్టుకుంటుంది, మట్టి తట్టుకోదు. బయటి వాలు కోసుకుపోయి గండి పడుతుంది. కట్టను కాపాడేది అలుగే. అందుకే "అలుగు పారింది" అంటే మా దగ్గర పండగ కబురు.

వరంగల్:
మా దిక్కు మత్తడి అంటరు. "చెరువు మత్తడి దుంకుతున్నది" అంటే ఊరంత చూడపోతది. అలుగన్నా అర్థమైతది.

అనంతపురం:
మాకు మరవ. "మరవ పారుతోంది" అంటాం.

నెల్లూరు:
మాకు కలుజు. తమిళంలో దీన్నే కలింగు అంటారు, పక్కపక్కనే ఉన్న మాటలు. చెరువుల లెక్క సరే, అడవి అలుగు సంగతి తేల్చండి. జంతువు అలగడమేంటి?

కడప:
అలిగినవాళ్లను చూడక్కా. తల దించుకుని, ముడుచుకుని, పిలిచినా పలక్కుండా కూర్చుంటారు. అలుగు, అదే ఒంటినిండా పెంకులుండే పాంగొలిన్, చేసేదీ అంతే. భయమేస్తే తలను పొట్టలోకి దూర్చి, పైన తోక కప్పుకుని బంతిలా చుట్టుకుంటుంది. పొట్ట మీద పెంకులుండవు, దాచుకోవలసింది అక్కడే. పిల్ల వెంట ఉంటే దాన్ని కూడా లోపల పెట్టుకునే చుట్టుకుంటుంది. మామూలప్పుడు ఆ పిల్ల తల్లి తోక మొదట ఎక్కి సవారీ చేస్తుంది.

వరంగల్:
గట్లయితే దానికి అలకపాన్పు వేరే ఎందుకు? పాన్పు, దుప్పటి రెండూ ఒంటి మీదనే ఉన్నయి.

విశాఖ:
అల్లుడికైతే బండో, ఉంగరమో ఇచ్చి అలక తీరుస్తారు. దీనికేం ఇవ్వాలి?

కడప:
ఒక చెదపుట్ట. దీనికి పళ్లు లేవు. ముందు కాళ్ల గోళ్లతో పుట్ట తవ్వి, జిగట నాలుకతో చీమల్నీ చెదల్నీ మింగేస్తుంది. వాటితో పాటు లోపలికి పోయిన ఇసుక, చిన్న రాళ్లే కడుపులో నూరుతాయి. పెంకులు మన గోళ్ల పదార్థంతోనే తయారవుతాయి, ఒంటి మీద 160 నుంచి 200 దాకా ఉంటాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. చుట్టుకున్న అలుగును విప్పబోవద్దు. పెంకుల అంచులు చేతులు కోస్తాయి, అది ఇంకా బిగుసుకుంటుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి, కుక్కల్ని తోలేసి, అటవీశాఖ వాళ్లకు కబురు పెట్టండి. చిరుతను ఆపే ఈ చుట్ట మనిషిని ఆపలేదు, ఎత్తి సంచిలో వేసుకుంటే సరిపోతుంది. ఇన్ని అలుగులు పోవడానికి కారణం అదే. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు, వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

నల్గొండ:
అర్థమైంది. ఇక పేరు. పెంకులన్నీ బాణపు మొనల్లా ఉంటాయి కాబట్టి బాణపు అలుగు నుంచే జంతువుకు ఆ పేరొచ్చిందని నా లెక్క.

నెల్లూరు:
వినడానికి ముచ్చటగా ఉంది కానీ ఒప్పుకోలేను తమ్ముడూ. తమిళంతో పోల్చి చూడు. కత్తి వాదరకు వాళ్ల మాట అలకు, మామూలు "ల". జంతువుకు అழుంగు, అక్కడ ఉన్నది నాలుక మడిచి పలికే వాళ్ల ప్రత్యేకమైన "ழ". మలయాళంలో జంతువు అళుంగు, "ళ". అక్కడ రెండు వేర్వేరు మాటలు మన దగ్గర ఒకే రూపంలో కలిశాయి. రూపం కలిసినంత మాత్రాన పుట్టుక కలవదు.

నల్గొండ:
"ழ" మనకు "డ" అవుతుంది కదా అక్కా? వాళ్ల ఏழు మనకు ఏడు, కోழి మనకు కోడి. ఆ లెక్కన అడుగు అవ్వాలి.

నెల్లూరు:
మంచి పట్టు పట్టావు. కానీ ఆ నియమం నా మాటను కొట్టేయదు, నీ మాటను నిలబెట్టదు. బాణం నుంచే వచ్చిందనాలంటే పక్క భాషల్లోనూ జంతువుకు "ల" కనపడాలి. అప్పటిదాకా రెండింటినీ విడిగానే ఉంచుదాం.

బెంగళూరు:
ఇక్కడ కన్నడంలో చిప్పుహంది, అంటే చిప్పల పంది. ఇంగ్లిషు వాళ్ల పాంగొలిన్ మలయ్ మాట నుంచి వచ్చింది, "చుట్టుకునేది" అని అర్థం. మలయాళంలో ఇంకో పేరు ఈనాంపేచి. దాని మీద సామెత కూడా ఉంది: "ఈనాంపేచిక్కు మరపట్టి కూట్టు." అలుగుకు మానుపిల్లి జోడీ అని. ఇద్దరూ ఇద్దరే అనాల్సి వచ్చినప్పుడు వాడతారు.

విశాఖ:
మన గంతకు తగ్గ బొంత! ఇకనుంచి కడపన్ననూ నల్గొండ తమ్ముణ్నీ అలుగూ మానుపిల్లీ అనే పిలుస్తా. ఎవరు ఏదో మీరే పంచుకోండి.

వరంగల్:
మరపట్టిలో పట్టి అంటే కుక్క కదా? వాళ్లకు చెట్టుకుక్క, మనకు చెట్టుపిల్లి. ఒకటే జంతువు.

బెంగళూరు:
అవును. మర, మాను రెండూ చెట్టే.

అనంతపురం:
మానుపిల్లి అంటే పునుగుపిల్లే కదా?

కడప:
కాదు, ఈ తప్పు పేపర్లలో కూడా వస్తుంది. పునుగుపిల్లి ఎక్కువగా నేల మీద తిరుగుతుంది, ఒంటి మీద మచ్చలు వరసలు కట్టి ఉంటాయి, తోకకు నల్లటి పట్టీలుంటాయి. మానుపిల్లి చెట్లెక్కుతుంది, పళ్లు తింటుంది, ఇంటి అటకల్లో దూరుతుంది. మొహం మీద గంతలు కట్టినట్టు నల్లగా ఉంటుంది, తోకకు పట్టీలుండవు. తోక చూస్తే చాలు. పునుగు అనేది పునుగుపిల్లి తోక కింది గ్రంథి నుంచి వచ్చే సుగంధం. కర్రకు ఒళ్లు రుద్దుకున్నప్పుడు అంటుకుంటుంది, దాన్ని గీకి తీస్తారు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పునుగు తైలం పూస్తారు.

విశాఖ:
సాయంత్రం అల్లం చట్నీతో తినే పునుగులకు దీనికీ సంబంధం లేదని కూడా రాయండి. బెంగళూరులో ఎవరైనా భయపడతారు.

బెంగళూరు:
లేదు, లేదు. అది పిండి, ఇది పిల్లి. పిల్లుల మాట వచ్చింది కాబట్టి దేవాంగపిల్లి కూడా తేల్చేద్దాం. అదసలు పిల్లే కాదు, కోతుల వైపు బంధువు. తోక కనపడదు, కళ్లు గుండ్రంగా మొహమంతా ఉంటాయి, రాత్రిపూట కొమ్మ పట్టుకుని మెల్లగా కదులుతుంది. పేరు దేవాంగుల నుంచి రాలేదు. తమిళంలో దాన్ని దేవాంగు అంటారు, మనం వెనక పిల్లిని చేర్చాం. కన్నడంలో కాడుపాప, అడవి పాప. నాకు అన్నిట్లో నచ్చిన పేరు అదే. తమిళనాడులో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 2022లో దీనికోసమే ఒక అభయారణ్యం ప్రకటించారు.

అనంతపురం:
పిల్లి కాని పిల్లి దొరికింది కాబట్టి మేక కాని మేకను నేనిస్తా. బట్టమేక. ఒకప్పుడు కర్నూలు దగ్గర రోళ్లపాడు గడ్డి మైదానాల్లో తిరిగిన పక్షి. మనిషి నడుము దాకా వస్తుంది, అయినా ఎగురుతుంది.

కడప:
మాకు కోడి కాని కోడి ఉంది, కలివికోడి అనే పక్షి. లోకమంతా అంతరించిందనుకున్నాక 1986లో మా జిల్లాలోనే మళ్లీ దొరికింది. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు.

నల్గొండ:
మళ్లీ నా వాక్యానికి రండి. పిల్లలు తడబడేది క్రియ దగ్గర కాదు. అది దాదాపు ఎప్పుడూ "అలిగింది, అలుగుతుంది, అలగకు" అని తోక తగిలించుకునే వస్తుంది, నామవాచకంతో కలవదు. తడబాటంతా ముందున్న రెండు అలుగుల్లోనే. ఏది చెరువో, ఏది జంతువో?

వరంగల్:
మా మాట పెట్టుకో తమ్మీ. "మత్తడి కాడ అలుగు అలిగింది."

అనంతపురం:
"మరవ కాడ అలుగు అలిగింది."

నెల్లూరు:
"కలుజు కాడ అలుగు అలిగింది."

విశాఖ:
అర్థం మూడింట్లోనూ తేటగా ఉంది, నోరే తిరగడం మానేసింది. పిల్లలకు మొదటిదే ఇవ్వు తమ్ముడూ, ఈ మూడూ కింద అర్థాలుగా రాయి.