రాష్ట్ర పోలీస్ బోర్డులో ఎవరెవరు ఉండాలి?

ప్రశ్న: 2006 నమూనా పోలీస్ చట్టం (రాష్ట్రాలు తమ చట్టాలకు నమూనాగా తీసుకునే ముసాయిదా) ప్రకారం, పోలీసుల పనికి విధానాలు రూపొందించే ఈ బోర్డు కూర్పు ఏమిటండీ?

జవాబు 1: మొత్తం 11 మంది. హోంమంత్రి అధ్యక్షుడు, డీజీపీ సభ్య కార్యదర్శి. ప్రతిపక్ష నేత, విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి, చీఫ్ సెక్రటరీ, హోం కార్యదర్శి సభ్యులు. మిగతా 5గురు రాజకీయాలకు సంబంధం లేనివారు.

జవాబు 2: ఆ ఐదుగురే కీలకం. విశ్రాంత హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ చైర్మన్, పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్ కలిసి వాళ్లను ఎంపిక చేయాలి. ఈ మెట్టు తీసేసి ప్రభుత్వమే నేరుగా నియమిస్తే, బోర్డు సర్కారు మాటే వింటుంది. అసలు నష్టం ఇక్కడే.

జవాబు 3: పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో (22 సెప్టెంబర్ 2006) సుప్రీంకోర్టు, రాష్ట్ర భద్రతా కమిషన్ (ఈ బోర్డు లాంటి సంస్థే) సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలంది. పోలీసుల పనితీరుపై కమిషన్ ఇచ్చే నివేదిక శాసనసభ ముందుకు రావాలి. మీ రాష్ట్ర చట్టంలో ముందు ఈ రెండూ వెతకండి. ‘సలహా మాత్రమే’ అని రాసి ఉంటే కూర్పు ఎంత బాగున్నా పని జరగదు.