ఆన్‌లైన్ కోర్సు మంచిదో కాదో దేన్ని చూసి చెప్పాలె?

హన్మకొండ కామర్స్:
నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లో కోర్సులు తీసుకున్న మా పిల్లలకు మెంటర్‌ను కూడా నేనే. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలోనే చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అంటే ఇది డిగ్రీకి తోకలాంటిది కాదు, డిగ్రీలో దాదాపు సగం. మొన్న ఒక కమిటీ వచ్చి మా ఆన్‌లైన్ చదువు ఎట్లున్నదో చూసింది. ఎన్ని వీడియోలు, ఎంతమంది చేరారు, ఫొటోలు ఉన్నయా అని అడిగారు. పిల్ల డౌట్ అడిగితే ఎన్ని రోజులకు జవాబు వచ్చిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నా దృష్టిలో మొదట చూడాల్సింది అదే. మీరేమంటరు?

కాజీపేట లోకల్ చాప్టర్:
సార్, మీతో ఏకీభవించను. జవాబు తొందరగా రావడం మంచిదే. కానీ పిల్లవాడు నేర్చుకున్నాడా లేదా అన్నది పరీక్షే చెప్తుంది. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సులు, ఎన్‌పీటెల్ చూడండి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. ఆ పరీక్ష కూడా సెంటర్‌కు పోయి, ఇన్విజిలేటర్ ముందు కూర్చొని రాయాలి. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సుకూ అంతే, పాఠం ఇంట్లో, పరీక్ష సెంటర్లో. వారంవారం అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్‌లో ఎట్లా తిరుగుతాయో మనందరికీ తెలుసు. కూర్చోబెట్టి రాయించిన పరీక్ష ఒక్కటే నేను నమ్ముతా.

తాడ్వాయి బిడ్డ:
సార్లకు నమస్తే. నేను పగలు మెడికల్ షాపుల పని చేస్త, ఆన్‌లైన్ల చదువుకుంట. మా ఊర్ల సిగ్నల్ వాటర్ ట్యాంకు కాడనే మంచిగ వస్తది. పొద్దుగాల షాపుకు పోయేటప్పుడు అక్కడ నిలబడి వారం వీడియోలన్నీ డౌన్‌లోడ్ చేసుకుంట.

స్టాటిస్టిక్స్ కోర్సుల నాలుగో వారం క్విజ్‌ల వేరియన్స్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నయో చెప్పే లెక్క, అడిగిండ్రు. అంకెలు 4, 6, 8, 10, 12. సగటు 8. తేడాల వర్గాలు కలిపితే 40. వీడియోల సార్ ఎన్ని అంకెలుంటే అన్నిట్లతోని భాగించాలె అన్నడు, ఐదుతోని భాగిస్తే 8. నేను 8 పెట్టిన, తప్పు అన్నది. సరైన జవాబు 10 అట. నోట్‌బుక్కుల మూడుసార్లు చేసిన, మూడుసార్లూ 8 ఏ వచ్చింది. డిస్కషన్ పేజీల అడిగిన. ఇరవై మూడు రోజులు ఎవ్వరూ పలకలె. నా ప్రశ్న కింద ఇంకో ఇద్దరు "సేమ్ డౌట్" అని రాసిండ్రు, అంతే.

ఆఖరికి మా పక్కూరి అక్క, ఎమ్మెస్సీ చదివింది, చెప్పింది. మొత్తం అంకెలు మన దగ్గర ఉంటే ఐదుతోని, అందులకెల్లి శాంపిల్ మాత్రమే ఉంటే ఒకటి తక్కువ చేసి నాలుగుతోని భాగించాలె అని. వీడియోల ఒకటి, క్విజ్‌ల ఒకటి చెప్పిండ్రు, రెంటికి నడుమ ఉన్న ముచ్చట ఎక్కడా చెప్పలే. లోకల్ చాప్టర్ సార్, మీరు పరీక్ష అన్నరు కదా, పరీక్షల నాకు 61 వచ్చినయ్. ఆ మార్కులు చూసి కోర్సు మంచిది అంటరా? నాకు నేర్పింది అక్క.

కాజీపేట లోకల్ చాప్టర్:
తల్లీ, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. పరీక్ష నిన్ను కొలిచింది, కోర్సును కొలవలేదు, ఒప్పుకుంటున్నా. అయినా హన్మకొండ సార్‌కు ఒక హెచ్చరిక. జవాబు వచ్చిన రోజులు లెక్కపెడతామని చెప్పిన మర్నాడే ప్రతి ప్రశ్న కింద "వీడియో మళ్లీ చూడండి" అని రాసి పోతారు. రోజులు తగ్గుతాయి, డౌట్ అట్లనే ఉంటది. జవాబు ఏమని ఇచ్చారో చదివే మనిషి ఉండాలి.

దూరవిద్య రిటైర్డ్:
ఈ అమ్మాయి చెప్పినదాన్ని దాటి పోవద్దు. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిదిగా వచ్చింది. అప్పుడు మాకు ఇంటర్నెట్ లేదు. అచ్చు పుస్తకం, స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసు. ఆ పుస్తకం అర్థంకాని విద్యార్థికి ఆదివారం ఒక మనిషి ఎదురుగా కూర్చునేవాడు. ఇప్పుడు పుస్తకం వీడియో అయింది, ఆ ఆదివారం మనిషి మాత్రం పోయాడు.

నిబంధనలు లేక కాదు. యూజీసీ 2020 నిబంధనల్లో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు నడిపే ప్రతి సంస్థలోనూ నాణ్యత చూసే అంతర్గత కేంద్రం ఉండాలని ఉంది. స్వయం కోర్సుకైతే వీడియో, చదివే పాఠం, చర్చ, పరీక్ష నాలుగూ ఉండాలి. చర్చ పేజీ ఉందా అని చూసి టిక్కు పెడతారు, అందులో మాటామంతీ జరుగుతోందా అని చూడరు. నేను తనిఖీలకు పోయినప్పుడు అట్లా టిక్కు పెట్టినవాణ్నే, ఆ తప్పు నాది కూడా.

ఎంతమంది పూర్తి చేశారన్నదాన్ని బట్టి కొలుద్దామంటారు కొందరు. ఎంఐటీ, హార్వర్డ్ ఉచిత కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో 3.13 శాతమే పూర్తి చేశారు. వాటిని చెడ్డ కోర్సులు అనలేం, ఊరికే తొంగిచూసిన వాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. కానీ ఫీజు కట్టి డిగ్రీ కోసం చేరిన పిల్ల నడుమ ఆపేస్తే, ఏ వారంలో ఆపిందో యూనివర్సిటీకి తెలిసి ఉండాలి. ఆ వారం పాఠంలో ఏముందో తెరిచి చూడాలి.

ఒకప్పటి గెస్ట్ ఫ్యాకల్టీ:
నేను జీఎస్టీ పాఠాలు రికార్డు చేసిన. రెండు రోజుల్లో తొమ్మిది వీడియోలు. తర్వాత నా కాంట్రాక్ట్ అయిపోయింది, లాగిన్ తీసేసిండ్రు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పాత నాలుగు పన్ను శ్లాబుల పద్ధతి మారిపోయింది. నా వీడియోలో నేను ఇంకా 5, 12, 18, 28 అని బోర్డు మీద రాస్తూనే ఉన్న. మార్చమని రెండుసార్లు మెయిల్ పెట్టిన, కోర్సు ఇప్పుడు ఎవరి కింద ఉందో వాళ్లకే తెలియదన్నరు. కోర్సు చేసేటందుకు డబ్బులు ఇస్తరు, దాన్ని ఏటా సరిచేసేటందుకు ఎవ్వరికీ ఒక్క గంట కూడా కేటాయించరు. కొలిచేవాళ్లు ముందు ఇది అడగాలె: ఈ కోర్సుకు ఈ సంవత్సరం బాధ్యులెవరు?

హన్మకొండ కామర్స్:
మేడం, మీ ప్రశ్న నా ప్రశ్నకన్నా ముందుండాల్సింది. బాధ్యులే లేకపోతే జవాబు ఎవరిస్తారు? సోమవారం మా కాలేజీ పిల్లలు తీసుకున్న కోర్సులన్నింటి చర్చ పేజీలు తెరిచి, ఎన్ని ప్రశ్నలు ఉత్తగా పడి ఉన్నయో రాసుకుంటా. ఆ కాగితం ప్రిన్సిపాల్ దగ్గర పెడతా. తాడ్వాయి బిడ్డా, ఆ నాలుగో వారం క్విజ్ స్క్రీన్‌షాట్ ఉన్నదా? మొదటి పేజీల అదే పెడదాం.

తాడ్వాయి బిడ్డ:
ఉన్నది సార్. ఇంట్ల కూసుంటే ఫొటో పోతలేదు. పొద్దుగాల ట్యాంకు కాడికి పోయి పంపుత.