ఘటకుటియా, ఘట్టకుటియా?

కోటిపల్లి రేవు: సుంకం ఎగ్గొట్టాలని రాత్రంతా అడ్డదారుల్లో తిరిగిన వర్తకుడికి సరిగ్గా సుంకరి పాక ముందే తెల్లారుతుంది. దానికో న్యాయం (సంస్కృత సామెత లాంటిది) ఉంది కదా, 'ఘటకుటీ...' తర్వాతది నోటికి రావట్లేదు. కస్టమ్స్‌లో పనిచేసే మా బావ మత్తుమందుల కంటైనర్ల గురించి చెబుతుంటే గుర్తొచ్చింది.

యానాం మేష్టారు: ఘటకుటి అంటే కుమ్మరి పాకవుతుందండీ! ఘట్టకుటీప్రభాత న్యాయం. ఘట్టం అంటే రేవు, మీ పేరులోనే ఉంది. కుటి అంటే పాక.

అమలాపురం అబ్బాయి: అయితే మన ఏటిగట్టూ ఆ ఘట్టమేనన్నమాట. ఒత్తు ఏట్లో కొట్టుకుపోయింది.

యానాం మేష్టారు: కాదు. గట్టు మన సొంత మాట, కన్నడం 'కట్టె'కి చుట్టం. సంస్కృతమే మన దగ్గర ఎరువు తెచ్చుకుని ఒత్తు పెట్టుకుందని నా అనుమానం.

కోటిపల్లి రేవు: బావ అనేదేంటంటే, పాకలో మనిషుంటేనే ఆ న్యాయం చెల్లుతుందని. వచ్చిన కంటైనర్లన్నీ విప్పరట, కంప్యూటర్ అనుమానించినవే. స్కానర్ బొమ్మ చూడ్డానికీ, జాగిలాన్ని తిప్పడానికీ మళ్లీ మనుషులే కావాలి. 2021లో గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో దొరికిన 2,988 కిలోల హెరాయిన్ టాల్కం రాళ్ల పేరుతో వచ్చింది. తెప్పించుకున్న కంపెనీ చిరునామా మన విజయవాడది!

ద్రాక్షారామం: సమాసంలో వచనం కనపడదు. కుటి ఒకటా, పదా? పది పాకలుంటేనే ఎటు తిరిగినా తగులుతుంది. నా ఓటు బహువచనానికే.

అమలాపురం అబ్బాయి: పాణినితో సిబ్బంది పెంచమని అర్జీ పెట్టిస్తున్నారా?

ద్రాక్షారామం: శ్రీనాథుడే మొత్తుకున్నాడుగా, 'ఎట్లు చెల్లింతు సుంకంబు లేడునూర్లు' అని.

యానాం మేష్టారు: టంకంబు, అంటే నాణెం! ఆయన బాకీపడింది బొడ్డుపల్లె పొలం గుత్త. అది సుంకమెలా అవుతుంది?

ద్రాక్షారామం: గణం మారదు, ఎకార ఏకారాల యతీ చెడదు. మా తాతగారు సుంకంబనే చదివేవారు.

యానాం మేష్టారు: ఛందస్సు ఒప్పుకుంటే సరా? టంకాలతో కనకాభిషేకం చేయించుకున్నవాడు ఏడొందల టంకాలకి ఎండలో నిలబడ్డాడు. ఎత్తిపొడుపంతా ఆ 'టం'లోనే ఉంది. 'సుం' పెడితే పద్యం చప్పబడిపోతుంది.

కోటిపల్లి రేవు: పాకలో నైట్ డ్యూటీకి ఎందరుండేవారో ఎక్కడైనా రాశారా? బావ అడుగుతున్నాడు.

ద్రాక్షారామం: అది తర్వాత. అదే పద్యంలో పెసలు తినిపోయిన బిలబిలాక్షులు ఏ పిట్టలో ముందు చెప్పండి.

అమలాపురం అబ్బాయి: పిచ్చుకలు.

యానాం మేష్టారు: కానే కావు.